తనిఖీ రోజున నా సెలవు

బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లెలో మాది ఇద్దరు టీచర్ల బడి. మా ఆయన హెడ్మాస్టరు, నేను అసిస్టెంటును. పెద్ద పిల్లలు ఆయనకు, ముక్కులు కారే పిల్లలంతా నాకు. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఏడాదికోసారి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. ఆయనకు హెడ్మాస్టరు ఇంట్లో కోడికూర భోజనం పెట్టాలి. ఏ చట్టంలోనూ లేదు గానీ, అన్ని చట్టాలకంటే అదే గట్టిగా నడిచేది.

హెడ్మాస్టరు ఇంట్లో వండేది ఎవరు? నేనే. అందుకని తనిఖీ రోజు హాజరు పట్టీలో నా పేరు ఎదురుగా మా ఆయనే తన చేత్తో ‘సెలవు’ అని రాసేవాడు. మూడేళ్లు అలాగే గడిచింది. ఇన్‌స్పెక్టరు నా పులుసు రుచి చూశాడు గానీ నా పాఠం ఎన్నడూ వినలేదు. ఆయన విని బాగుందని రాస్తేగానీ జిల్లా బోర్డు నా ఉద్యోగం ఖాయం చెయ్యదు. చివరికి తాకీదు వచ్చింది. వచ్చే తనిఖీలో కూడా మంచి రిపోర్టు లేకపోతే నన్ను తీసేస్తారట. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే చిత్తూరులో టీచర్ల సంఘం జిల్లా బోర్డుతో తగాదాకు దిగింది. రేషను కార్డులు మేం రాయం, ఇన్‌స్పెక్టర్లకు మేం వండిపెట్టం అని మగవాళ్ళంతా చేతులెత్తి తీర్మానం చేశారు. పుట్టి బుద్ధెరిగి గరిటె పట్టని వాళ్ళు ‘మేం వండం’ అన్నారని వినగానే నాకు నవ్వు ఆగలేదు. బోర్డు కూడా తగ్గలేదు, అధికారులను అగౌరవపరిస్తే చర్య తప్పదని బదులిచ్చింది. మా ఆయన ఆ తీర్మానం కాగితాన్ని జెండాలా పట్టుకుని ఇంటికొచ్చాడు.

వారం తిరక్కుండా తనిఖీ కబురు వచ్చింది. జెండా కిందికి దిగింది.

“ఈ ఒక్కసారికి కోడిని కోద్దామా? ఇద్దర్నీ చెరొక మూలకు బదిలీ చేస్తే ఏం జేసేది?” అన్నాడు.

“చెయ్యెత్తింది మీరే గదా! నేనైతే బడికి పోతాండా,” అన్నాను.

అన్నానే గానీ ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు సైకిలు మీద వచ్చాడు. మధ్యాహ్నం దాకా పెద్ద తరగతులు చూశాడు. ఆ తర్వాత బడి పక్కనే ఉన్న మా ఇంటివైపు చూశాడు. పొయ్యిపొగ లేదు. మా ఆయన గోడమీది పటం వైపు చూశాడు. చేసేదేమీ లేక ఇన్‌స్పెక్టరు నా తరగతిలోకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను చింతపిక్కలతో తీసివేతలు చెప్తున్నాను.

ముందు వరసలో కూర్చున్న పిల్ల ఆయన్ని చూసి ముఖం విప్పార్చుకుని, “టీచరమ్మా, కోడికూర సారు వచ్చినాడు!” అంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇన్‌స్పెక్టరు హాజరు పట్టీ తెప్పించుకుని వెనక్కి తిప్పాడు.

“మూడేండ్లుగా సరిగ్గా తనిఖీ దినమే సెలవు పెట్టినావే, ఎందుకమ్మా?”

“మీకు అన్నం వండేదానికి సార్.”

 ఆయన పట్టీ మూసి, “పాఠం చెప్పమ్మా,” అన్నాడు. బడి వదిలేదాకా కదల్లేదు. నీళ్ళ గురించి తీర్మానంలో ఏమీ లేదు కాబట్టి చెంబెడు ఇచ్చాను. గటగటా తాగి, కాలే కడుపుతోనే సైకిలెక్కాడు. ఆయన మీద జాలి వేసింది, నిజం చెప్పొద్దూ.

కొన్నాళ్ళకు, టీచర్ల ఇళ్ళలో ఇన్‌స్పెక్టర్లు భోజనం చెయ్యరాదని బోర్డు ఉత్తర్వు ఇచ్చింది. రేషను కార్డుల పని మాత్రం మా నెత్తినే ఉండిపోయింది. అదే టపాలో నా ఉద్యోగం ఖాయమైన కాగితం కూడా వచ్చింది. ఇన్నాళ్ళు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ వెంటనే సంఘం నుంచి ఇంకో ఉత్తరం. మన గెలుపు సందర్భంగా ఆదివారం చిత్తూరులో విందు. మా ఆయన పైకి ఉత్సాహంగా చదువుకుంటూ పోయి చివర్లో గొంతు తగ్గించాడు. ‘టీచర్ల ఇళ్ళలోని ఆడవాళ్ళు తెల్లారేసరికే వచ్చి వంట చూసుకోవలెనని మనవి.’

 కళ్ళెత్తి ఆయన్ని చూశాను, అంతే.

ఆదివారం కోడి కూయకముందే ఆయనొక్కడే మా కత్తిపీటను గోనెసంచిలో చుట్టుకుని చిత్తూరు బస్సెక్కాడు.