పెట్టె అదే, లోపలి సరుకు వేరు

బాగ్దాద్ సినాఅ వీధిలో కంప్యూటర్లు బిగించే దురైద్‌కి రోత పుట్టించేవి చాలానే ఉన్నాయి గానీ, చవక ఎస్‌ఎస్‌డీ డిస్కు తర్వాతే ఏదైనా. పెట్టె మీద డేగ బొమ్మ, మంటల బొమ్మ, సెకనుకి ఇంత వేగమంటూ బంగారు అక్షరాలు. పెద్ద ఆట ఎక్కిస్తే మొదట్లో పరుగే పరుగు. ఆ వేగం కోసం లోపల ఉంచిన కాస్త చోటూ నిండగానే ఇక ముక్కుతూ మూలుగుతూ పాకుతుంది. కరెంటు పోయి వీధి జనరేటరు అందుకునే రెప్పపాటులో, డిస్కులో రాస్తున్నది మధ్యలో తెగిందంటే ఒక్కోసారి మళ్ళీ లేవనే లేవదు.

అందుకే ఏ కొత్త రకం వచ్చినా ఒకటి తన కంప్యూటర్లో పెట్టి, ఆట ఎక్కుతుండగా సర్కారు కరెంటు పోయేదాకా కాచుకునేవాడు. బాగ్దాద్‌లో అందుకు ఎంతోసేపు కూర్చోనక్కర్లేదు. అలా పదేపదే దెబ్బ తిని బతికినదాన్నే "తీసుకో" అనేవాడు. ఆ మాటకున్న విలువ వీధిలో ఏ గ్యారంటీ కార్డుకీ లేదు. ఇన్నేళ్ళ చాకిరీలో అతను సంపాదించుకున్నది అదొక్కటే.

గేముల హాలు నడిపే అబూ మీసమ్ వచ్చి అడిగితే, చవకలో తట్టుకున్న రకం ఒకటి చెప్పాడు.

"వేగం ఓ మోస్తరు. ఆట తెరుచుకునేలోగా నీ కుర్రాళ్ళు ఓ గుక్క టీ ఎక్కువ తాగుతారు, అంతే. చచ్చిపోదు. తీసుకో."

అబూ మీసమ్ హాలంతా అవే పెట్టించాడు. ఈద్ నాడు హాలు కిటకిటలాడుతుండగా కరెంటు పోయి జనరేటరు అందుకుంది. సగం కంప్యూటర్లు మళ్ళీ తెరుచుకోలేదు.

దురైద్ చచ్చినదాన్ని ఒకటి విప్పాడు. తను పరీక్షించినదాన్నీ విప్పి పక్కన పెట్టాడు. పేరు అదే, పెట్టె అదే, చిప్పులు మాత్రం వేరు. ఛీ, కడుపుకి అన్నమే తింటారా వీళ్ళు!

రెండూ పట్టుకుని, సరుకు తెప్పించే వాసిఖ్ దగ్గరికి వెళ్ళాడు. వాసిఖ్ పుచ్చగింజల తొక్కలు నేల మీదే ఉమ్ముతూ చూశాడు.

"ఏం ఉస్తాద్, లోపల ఫలానా చిప్పే ఉంటుందని పెట్టె మీద రాసుందా?"

"తెలిసే ఇచ్చావా?"

"ఊరందరికీ తెలుసు, నీకే తెలీదు. మొదటి సరుకు నీలాంటోళ్ళ కోసం. నువ్వు బాగుందంటే వీధంతా కొంటుంది. తర్వాతొచ్చేది వీధి కోసం."

ఎవరి ముఖాన ఉమ్మాలో దురైద్‌కి తెలియలేదు. వీళ్ళ గాలానికి తన నోరే ఎరైంది.

అక్కణ్ణుంచి తిన్నగా హాలుకి పోయి అన్నీ మారుస్తానన్నాడు. ఈసారి ఒక్కొక్కటీ విప్పి చూసి మరీ చెప్తానన్నాడు. అబూ మీసమ్ అరవలేదు, కసరలేదు. టీ తెప్పించి ముందు పెట్టాడు.

"నీ మీద కోపం లేదురా. ఏది మంచిదో మాత్రం నాకిక చెప్పకు. ఏది చవకైతే అది ఇచ్చెయ్. పోతే పోయిందనుకుంటా. నీ మాట మీద తీసుకుంది పోయేసరికే మనసుకి కష్టమైంది."

మర్నాడు దురైద్ కొట్లో అన్నిటికన్నా చవకవి కట్టి పంపాడు. ఒక్కదాన్నీ పరీక్షించలేదు.