బావ చెప్పిన చివరి పావుగంట

పోయిన నెల ఒకరోజు పొద్దున కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు పంపిన పోస్టరు కనిపించింది. హిందూపురంలో ఒక కల్యాణమండపంలో రెండు రోజుల ఫిల్మ్ ఫెస్టివల్ అట. పెద్ద హీరోలు లేని సినిమాలు, బయటి దేశాల సినిమాలు, దయ్యాల సినిమాలు, అన్నీ మన హిందూపురంలో! పెనుకొండ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన నాకు, అలాంటి సినిమా ఒకటి చూడాలంటే బెంగళూరు రైలెక్కడం తప్ప వేరే దారి ఉండేది కాదు. సంబరపడిపోయి పోస్టరును వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్నాను. కింది వరసలో ఒక చిన్న బొమ్మ. చుట్టూ మంచు, ఒక కొయ్యతలుపు, దాని ముందు నల్ల శాలువా కప్పుకున్న ముసలావిడ. ఆ సినిమా పేరు అప్పుడూ నాకు నోరు తిరగలేదు, ఇప్పుడూ తిరగదు. కానీ ఆ తలుపును మాత్రం గుర్తుపట్టాను. దాని అవతల ఎవరున్నారన్న విషయం మీద నేనూ మా బావా బెంగళూరు నుంచి పెనుకొండ దాకా పోట్లాడుకుంటూ వచ్చాం.

బావ అంటే మా అక్క భర్త. కనగానపల్లి దగ్గర మెట్టపొలాన్నీ గొర్రెల మందనూ వదిలేసి ధర్మవరం వచ్చి పట్టు మగ్గం నేర్చుకున్నవాడు. నేసిన చీరలు అప్పుడప్పుడూ బెంగళూరు అంగళ్ళకు తీసుకుపోయేవాడు. నేను మొదటిసారి ఆ ఊళ్ళో ఫెస్టివల్‌కు పోదామనుకున్నప్పుడు బళ్ళో ఒక్కరూ తోడు రాలేదు. బావ మాత్రం, “నేనూ ఆ పక్కకే పోతాండా గదప్పా, చీరలిచ్చేసి వచ్చి కూచుంటా” అన్నాడు. అట్లా మొదలైంది. ఏడాదికొకసారి, పదేళ్ళపాటు. పొద్దున్నే ధర్మవరంలో ఎక్కి నాకోసం కిటికీ పక్క సీటు పట్టి పెట్టేవాడు. నేను పెనుకొండలో ఎక్కీ ఎక్కగానే అక్క కట్టిచ్చిన చిత్రాన్నం పొట్లం తెరిచేవాడు. మధ్యాహ్నానికని ఆమె ఇచ్చిన చిత్రాన్నం హిందూపురం దాటేలోపే అయిపోయేది.

బావకు ఇంగ్లీషు రాదు. తెర కింద పడే అక్షరాలు నేను చదివి, గుసగుసగా తెలుగులో చెప్పాలి. ముందు వరసలోని పెద్దమనుషులు వెనక్కి తిరిగి ఉరిమి చూసేవాళ్ళు. బావ చేతులు జోడించి తన సంత కన్నడంలో ఏదో చెప్పేవాడు, వాళ్ళు నవ్వేసి మళ్ళీ తెరవైపు తిరిగేవాళ్ళు. దయ్యాల సినిమాలకు హాలంతా కెవ్వుమంటుంటే ఆయనకు ఎక్కడలేని అనుమానాలూ వచ్చేవి. “ఒక్క దయ్యానికి ఇన్ని గదులెందుకప్పా?” అని అడిగేవాడు. ఒకసారి ఆయన తెల్లపంచె, భుజాన తువ్వాలు, పెరిగిన గడ్డం చూసి, మెడలో ట్యాగు వేసుకున్న అమ్మాయి ఒకతి పరుగున వచ్చి, ఏదో సినిమాలో వేసిన నటుడనుకుని మొదటి వరసలో కూర్చోబెట్టింది. బావ కాదనలేదు. నన్ను కూడా చూపించి, “ఈయన నాతో వచ్చినాడు” అన్నాడు. ఆ రోజు మూడు సినిమాలూ మెడలు పైకెత్తి చూసి, వారం రోజులు ఇద్దరం నొప్పితో బాధపడ్డాం.

ఇంతా చేసి, మేము ఏ ఏడూ చివరి సినిమా చివరిదాకా చూడలేదు. మధ్యాహ్నం పడే ఆ సినిమా సరిగ్గా మా ఆరింటి రైలుకు అడ్డం వచ్చేది. హాలు నుంచి స్టేషనుకు సిటీబస్సులో గంట. ముగింపు ఇంకా పావుగంట ఉందనగా బావ నా చొక్కా పట్టుకు లాగేవాడు. తరవాతి రైలుకు పోదాం, బతిమాలుతున్నాను, అని నేను ఎన్నిసార్లు అన్నానో. “ఆ రైలుకు పోతే మీ అక్క తలుపు తీసుకోని కూచుంటాది. నిద్రపోదు” అనేవాడు. ఇక నేను లేచి ఆయన వెనక నడిచేవాణ్ణి. చూడని ఆ పావుగంటను రైల్లో మేమే అల్లుకునేవాళ్ళం. నాకేమో ఫెస్టివల్ సినిమా అంటే విషాదంగానే ముగియాలని ఒక పట్టుదల. బావ ఎవర్నీ చావనిచ్చేవాడు కాదు. యలహంకలో మొదలైన వాదన పెనుకొండ దాకా తెగేది కాదు. అక్కడ నేను దిగిపోతాను. ఆ తరవాత ధర్మవరం దాకా ముక్కాలుగంట, అడ్డు చెప్పేవాడు లేడు. ముగింపు ఆ ముక్కాలుగంటలో తయారయ్యేది.

మర్నాడు అక్క మగ్గంలో కూర్చుంటే ఆయన పక్కన పీట వేసుకుని సినిమాలన్నీ చెప్పేవాడు. అక్కను మాతో రమ్మంటే, “చీకట్లో కూచుంటే నాకు నిద్రొస్తాది. మీరు పోయిరాండి, నాకు చెబుదురు” అనేది. సెలవురోజున నేను వెళ్ళినప్పుడు ఆ కథలు కొన్ని నా చెవినా పడ్డాయి. బాగా ఉత్కంఠగా ఉన్నచోట ఆమె చేతిలో పోగు నేసే నాడె ఆగిపోయేది. “ఆ తర్వాత ఏమైంది?” అని అడిగేది. బావ కాస్త గొంతు సవరించుకుని, మేము చూడనే చూడని ముగింపును కళ్ళారా చూసినట్టు చెప్పేవాడు. నేను గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఆ తలుపు సినిమా మా చివరి ఏటిది. మంచుకొండల్లో ఒక ముసలి గొర్రెల కాపరి, అతని భార్య. తప్పిపోయిన పొట్టేలును వెతుకుతూ అతను కొండ దాటి పోతాడు. మంచు పడుతుంది, దారులు మూసుకుపోతాయి, ఆమె రోజూ పొయ్యి మీద ఇద్దరికి వండుతుంది. సినిమా అంతా అంతే. బావ మాత్రం మొదట్లోనే, “ఆ పొట్టేలుకేదో జబ్బుండాది, నడక చూడు” అని తేల్చేశాడు. చివరికి ఒకరోజు తలుపు దబదబ చప్పుడైంది. ఆమె లేచింది. గొళ్ళెం మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే బావ నా చొక్కా లాగాడు. ఆ రైల్లో నేను గాలికి తలుపు కొట్టుకుందన్నాను. ఆయన కోపం తెచ్చుకున్నాడు. అంతకుముందెన్నడూ నా మీద కోప్పడలేదు. “గొర్రెలు మేపినోన్ని నేనా నువ్వా? వస్తాడు. పొట్టేలును భుజానేసుకోని వస్తాడు” అన్నాడు. అక్క ఆ ముగింపు విని కళ్ళు తుడుచుకుందని తరవాత తెలిసింది. ఆరు నెలలకు బావ గుండెపోటుతో పోయాడు. అది జరిగి మూడేళ్ళు.

పోస్టరు సంగతి నేను అక్కకు చెప్పకుండా ఉండాల్సింది. నోరు ఊరుకోలేదు. ఆ పొట్టేలు సినిమాయేనా అని అక్క ఫోనులో రెండుసార్లు అడిగింది. తరవాత, “ఆ సినిమా నేనూ చూడల్ల. యాడ ఏస్తాండారు?” అంది. పదేళ్ళు పిలిచినా రాని మనిషి! ఆ కాపరి తిరిగి రాకపోతే? బావ ఆమెకిచ్చిపోయిన మాట అబద్ధమని, మనిషి లేని ఈ కాలంలో, నా పక్కన కూర్చుని ఆమెకు తెలియాలా? కుర్చీలు బాగుండవక్కా అన్నాను. ఎండగా ఉందన్నాను. వినలేదు. ఇక లాభం లేదని పోస్టరు పంపిన కుర్రాడికి ఫోను చేసి, చివర్లో ఆ తలుపు దగ్గర ఎవరో కాస్త చెప్పు నాయనా అని అడిగాను. “సార్, ముగింపు ముందే చెప్పడం మా ఫెస్టివల్లో నిషేధం సార్” అన్నాడు గంభీరంగా. బళ్ళో హోంవర్కు ఒక్కనాడూ తేనివాడికి ఇంత క్రమశిక్షణ ఎప్పుడు వచ్చిందో.

ఆ ఆదివారం అక్క ధర్మవరంలో ఎక్కి నాకు కిటికీ పక్క సీటు పట్టి పెట్టింది. ఒళ్ళో చిత్రాన్నం గిన్నె. కల్యాణమండపంలో మొన్నటి పెళ్ళి బంతిపూల దండలు ఇంకా స్తంభాలకు వేలాడుతున్నాయి. కిటికీలకు నల్లపట్టాలు కట్టారు, అయినా సందుల్లోంచి మధ్యాహ్నం ఎండ చారలుగా లోపలికి వస్తోంది. సినిమా మొదలయ్యాక నేను అలవాటు కొద్దీ అక్షరాలు చదవబోతే అక్క నా చేతిని మెల్లగా నొక్కింది. “ఒద్దులే, నాకు తెలుసు” అంది. నిజంగానే తెలుసు. పొట్టేలు కనబడగానే, “ఇదేనా ఆ జబ్బు పొట్టేలు?” అని నవ్వింది. తెర మీది ముసలావిడ ఇద్దరికి వండుతున్నప్పుడు మాత్రం అక్క నవ్వలేదు. పైటచెంగు చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. నాకు తెర కనబడటం లేదు, అక్క ముఖమే చూస్తున్నాను.

తలుపు చప్పుడైంది. ముసలావిడ లేచింది. గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

“లేయబ్బా, పోదాం. రైలుకు టైమైతాది” అంది అక్క.

“ఇంగా గంటన్నర ఉండాదక్కా” అన్నాను. ఆమె అప్పటికే గిన్నె చేతబట్టుకుని వరస దాటుతోంది. నేనూ లేచాను. వెనక ఏదో మాట వినబడింది, మగగొంతో ఆడగొంతో తెలియలేదు. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంది. చూడలేదు.

స్టేషన్లో బెంచీ మీద కూర్చుని చిత్రాన్నం తిన్నాం. పసుపు అంటిన వేళ్ళను చూసుకుంటూ ఆమే మొదలుపెట్టింది. “పదేండ్లు చెప్పినాడు. ఒక్క సినిమాలోనన్నా ఎవురూ సచ్చిపోలా. అందరూ ఇంటికొచ్చేటోళ్ళే. అట్లా యాడన్నా ఉంటాదా? నాకా మాత్రం తెలీదనుకొంటివా?”

“మరి ఇంత దూరం ఎందుకొచ్చినావక్కా?”

“మీరు లేసొచ్చే చోటు చూడల్లనిపించింది” అంది. గిన్నెకు మూత పెడుతూ, “నాకోసరమే గదా లేసొస్తాన్నింది” అంది. కళ్ళనిండా నీళ్ళు. నాకూ ఆగలేదు, పక్క బెంచీలో ఎవరో చూస్తున్నారని కూడా అనిపించలేదు. ఇన్నేళ్ళూ ఆ పావుగంట పోగొట్టుకున్నందుకు బావ మీద లోపల ఎక్కడో చిన్న గుర్రు ఉండేది. అది ఆ బెంచీ మీదే పోయింది.

పెనుకొండలో నేను దిగాను. కిటికీలోంచి అక్క చెయ్యి ఊపింది, రైలు ధర్మవరం వైపు సాగిపోయింది. ఆమెకు ఇంకా ముక్కాలుగంట ప్రయాణం, అడ్డు చెప్పేవాడు లేడు. ఆ తలుపు అవతల ఎవరున్నారో నాకు ఈరోజుకీ తెలియదు, తెలుసుకోను కూడా. కాలం ఎవర్నీ అడక్కుండా అన్నిటినీ ముగింపు దాకా ఈడ్చుకుపోయేదే, మా బావనూ అట్లాగే తీసుకుపోయింది, ఆ ఒక్క సినిమాను మాత్రం అక్క కోసం పావుగంట ముందే వదిలేసింది.