నెత్తిన గిన్నె లేని అక్షరం

మోల్దావియా రాజధాని కిషినావులో సోవియట్ వారి పాటల రికార్డుల అట్టలకు ప్రూఫులు దిద్దే ఎఫ్రోసీనియాకు ఆ అట్ట మూడోసారి కూడా తప్పుతోనే తిరిగొచ్చింది. ఇక్కడి పిల్లే పాడిన పది పాటలు. ఐదు రష్యన్‌లో, ఐదు తమ భాషలో. ఆ భాషను ఇంట్లో రుమేనియన్ అంటారు, ఆఫీసులో మోల్దావియన్ అనాలి, రాయడం మాత్రం రష్యన్ లిపిలోనే రాయాలి. ఆ గొడవను ఆమె ఎప్పుడో దిగమింగింది. ఇప్పుడు పేచీ అంతా ఒక్క గీత గురించి. ఒక పాట పేరు "జేర్", అంటే ఎముకలు కొరికే చలి. మొదటి అక్షరం నెత్తిన చిన్న గిన్నెలాంటి గీత ఉంటేనే అది "జ" అని పలుకుతుంది. మాస్కో ప్రెస్సువాళ్ళు మూడుసార్లూ ఆ గీతను ఎగరగొట్టారు.

"సంతకం పెట్టు తల్లీ," అన్నాడు రష్యన్ పై అధికారి మత్వేయ్. "ఈగ రెట్టంత గీత. ఎవడు చూడొచ్చాడు?"

"మా అమ్మ చూస్తుందండీ. ఇదేం భాషే అని నన్నే అడుగుతుంది."

"మీవాళ్ళకు పాట కావాలా, గీత కావాలా?"

ఎఫ్రోసీనియా ఎర్ర పెన్సిలు తీసి, అట్ట అడుగున బాధ్యుడిగా అచ్చయిన అతని పేరులో చివరి అక్షరం మీది గీతను కొట్టేసింది. అదీ అలాంటి గిన్నె గీతే.

"ఇదేంటి? మత్వేఇ అని చదువుతారు. ఇది నా పేరు కాదు."

"ఈగ రెట్టంతే కదండీ."

భాషలన్నీ సమానమని ప్రతి మీటింగులో చెప్పే ఆ మనిషి పెన్సిలు లాక్కుని, తన పేరు మీద గీత మళ్ళీ పెట్టుకున్నాడు. పాట పేరు జోలికి పోలేదు.

ఆమె సంతకం పెట్టలేదు. అదే తప్పు చుట్టూ మూడోసారి సున్నా చుట్టి, అట్టను మాస్కో కవరులో పెట్టి అంటించింది.