పెళ్ళి వీడియోలాంటి పోర్ట్‌ఫోలియో

ఎవరేం చెప్పినా బుజ్జిబాబు దగ్గర ఒకటే జవాబు: "ఆయ్." అర్థమైతే ఆయ్, కాకపోతే ఇంకాస్త గట్టిగా ఆయ్. ఈ ఒక్క మాటతో రాజోలు నుంచి అమలాపురం బస్సెక్కి దిగుతూ, ఆక్వా డిగ్రీలో ఆఖరి సెమిస్టరు దాకా లాగించేశాడు. పాసైతే చాలు, రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం ఖాయం. పాసవ్వడం దగ్గరే వచ్చింది చిక్కు.

ఈసారి ఇంటర్న్‌షిప్‌కి పరీక్ష లేదన్నారు పుష్పలత మేడం. రొయ్యల చెరువు మీద చేసిన పని, ఫోటోలు, వీడియోలు, ఎక్కడ తప్పు చేశారో, ఏం నేర్చుకున్నారో అన్నీ ఆన్‌లైన్‌లో ఒకచోట పెట్టాలి. దాన్ని ఇ-పోర్ట్‌ఫోలియో అంటారు. మార్కులు దాన్ని చూసే. అర్థమైందా అంటే అందరికన్నా ముందు ఆయ్ అన్నది మనవాడే. వాడికి అర్థమైంది వీడియో అన్న ముక్కొక్కటే.

వీడియో అంటే పండు బావే. కొత్తపేటలో పెళ్ళిళ్ళు తీస్తాడు. బావమరిది కోసం చెరువు దగ్గరికి కెమెరా పట్టుకొచ్చి, ఉన్న విద్యంతా చూపించేశాడు.

స్టాఫ్‌రూమ్‌లో మేడం ఆ వీడియో పెట్టారు. డ్రోను కొబ్బరితోటల మీంచి దిగింది. చలవద్దాలు పెట్టుకుని బుజ్జిబాబు చెరువుగట్టు మీద స్లోమోషన్‌లో నడిచాడు. చల్లిన మేత అక్షింతల్లా మెల్లగా రాలింది. వెనకాల సన్నాయి. రొయ్య మాత్రం ఒక్కటీ కనపడలేదు. అవి కెమెరాకి అందంగా ఉండవని పండు అభిప్రాయం.

ఇందులో నువ్వు నేర్చుకున్నదేది, దీనికి పాస్ మార్కులెలా వెయ్యను అన్నారు మేడం. బుజ్జిబాబు కళ్ళముందు ఉద్యోగం గోదాట్లో కలిసిపోయింది. ఇంతలో వీడియో చివర, ప్రతి పెళ్ళికీ అతికించినట్టే, షూటింగులో దొర్లిన తప్పులతో పండు అతికించిన నవ్వుల ముక్కలు మొదలయ్యాయి. బుజ్జిబాబు ఆపబోతే మేడం ఉండనిమ్మన్నారు.

మొదటి ముక్కలో చెరువు యజమాని బాపిరాజు గారు చెక్‌ట్రే పైకి లాగారు. రొయ్యలు ఎంత తిన్నాయో చూసే వలపళ్ళెం అది. మేత మిగిలిపోయి ఉంది. మిగిలితే ఏం చెయ్యాలో తెలుసా అన్నారు. ఆయ్ అని బుజ్జిబాబు ఇంకో రెండు గుప్పిళ్ళు వేశాడు.

"మిగిలింది కదరా, మళ్ళీ ఎందుకేసేవు?"

"మొహమాటపడుతున్నాయేమోనండీ. ఇంకాస్త వడ్డిద్దారని."

కెమెరా వణికింది. పండు నవ్వుతున్నాడు.

"అవేమన్నా వియ్యాలవారా? మిగిలితే తగ్గించాలి. అడుగున కుళ్ళి నీళ్ళు పాడైపోతాయ్."

తరవాతి ముక్కలో మర్నాడు. మేత తగ్గించి వేసిన బుజ్జిబాబు ఖాళీ పళ్ళేన్ని కప్పు గెలిచినట్టు ఎత్తి చూపిస్తున్నాడు. చెట్టుకి అడ్డొస్తున్నావు, పక్కకి జరుగు అంటున్నాడు పండు.

మేడం కళ్ళజోడు తీసి, నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్ళు తుడుచుకున్నారు.

"తెలీనప్పుడు ఆయ్ అనడమెందుకు బాబూ?"

"తెలీదంటే బావుండదు కదండీ."

మిగతాదంతా తీసేసి ఈ ముక్కలే ఉంచమన్నారు. ముందు ఎందుకు పెంచాడో, తరవాత ఎందుకు తగ్గించాడో వాటికింద సొంతమాటల్లో రాస్తే మార్కులు వేస్తానన్నారు. అర్థమైందా అని అడిగారు.

ఆయ్ నాలిక చివరిదాకా వచ్చేసింది. కష్టపడి మింగాడు.

"లేదండీ. కింద అంటే ఎక్కడ రాయాలండీ?"

మేడం పక్కన కుర్చీ లాగి కూర్చోబెట్టి చూపించారు.

పాసయ్యాడు, కంపెనీలో చేరాడు. డ్రోను షాటు తీసేయించిన మేడం ఇంట్లో పెళ్ళయితే మాత్రం, కాళ్ళు పట్టుకున్నా కెమెరా పట్టనని పండు బావ ఇప్పటికీ అంటూనే ఉన్నాడు.