లిఫ్టులో మాయం కాని బలం

శ్రీకాకుళంలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఒంటరిదాన్ని. స్టాఫ్ రూంలో ట్రాన్స్‌ఫర్ల గురించీ పెళ్లి సంబంధాల గురించీ మాట్లాడుకుంటుంటే నేను కిటికీ పక్కన కూర్చుని తినేసి లేచేదాన్ని. నాతో పనిగట్టుకుని మాట్లాడినవారు ఒక్కరే, లెక్కల మాస్టారు. ఉద్దానం వైపు మనిషి. ఆదివారాలు వాళ్ల ఊరి బాప్టిస్టు చర్చిలో పాటలు పాడించేవారు.

ఒకరోజు ఆయన గుమ్మం బయట నిలబడి నా పాఠం విన్నారు. బరువైనదీ తేలికదీ ఒకేలా పడతాయి కనుక, తాడు తెగి పడుతున్న లిఫ్టులో గురుత్వం మాయమైనట్టే ఉంటుందని చెబుతున్నాను. భోజనాలప్పుడు వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"కరెంటు బలాన్ని కూడా అలగ మాయం సెయ్యొచ్చేటమ్మా?"

"కుదరదు మాస్టారూ. ఒకే విద్యుత్ క్షేత్రంలో ఎలక్ట్రాన్ ఒకవైపు పోతుంది, ప్రోటాన్ ఇంకోవైపు పోతుంది. ఒక్క లిఫ్టు రెండింటి వెంటా పోలేదు కదా."

"మరి అన్నిటికీ చార్జీ, బరువూ ఒకే పాళ్లలో ఉన్నాయనుకో?"

ఇంటికెళ్లి లెక్క వేశాను. అలా అయితే కుదురుతుంది. అయస్కాంత బలాన్ని సైతం, తగిన వేగంతో తిరిగే గదిలోంచి చూస్తే చాలావరకు కనపడకుండా చెయ్యొచ్చు. మర్నాడు ఈ సంగతి చెబితే ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని తినడం మరిచిపోయారు.

ఆ వానాకాలమంతా మాకదే కబురు. రెండు థర్మోకోల్ బంతులకు వ్యతిరేక చార్జీలిచ్చి, దారాలకు కట్టి, కరెంటు పెట్టిన రెండు పలకల మధ్య వేలాడదీసి ల్యాబులో చూద్దామనుకుంటే, తేమకి చార్జి నిలవలేదు.

"సలికాలం రానీ, అప్పుడు సూద్దాం" అన్నారు.

చలికాలానికి ఆయన కాలేజీకి రావడం మానేశారు. కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఎన్నో ఇళ్లలో ఉన్న జబ్బే. డయాలసిస్ రోజున పలాస ఆసుపత్రికి వెళ్లాను.

"నువ్వొస్తావని పొద్దుట్నుంచీ కాసుకుని ఉన్నారమ్మా" అంది ఆయన భార్య.

ఆయన చేతికి గొట్టాలున్నాయి. మాట సన్నబడిపోయింది. ఎలా ఉన్నారని అడగలేక, ల్యాబులో ప్రయోగం నేనొక్కదాన్నే చేశానని చెప్పాను.

"ఏటైనాది?"

"గాలి పొడిగా ఉంది, చార్జి నిలిచింది. పలకల మధ్య ఒక బంతి ఇటు పోయింది, ఇంకోటి అటు పోయింది."

"అయితే నువ్వే గెలిసేవు."

"అన్నీ ఒకే పాళ్లలో ఉంటే మీరు గెలిచేవారు."

నవ్వారు. "అలగుంటే మనకి మాటాడుకోడానికి ఏటుంటాదమ్మా" అని కళ్లు మూసుకున్నారు. నేను బస్సు టైమయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.

ఎండాకాలం మొదట్లో పోయారు. అంతిమ ప్రార్థనకి వాళ్ల ఊరి చర్చిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. నాకా పాటలు రావు. పక్కనున్న పెద్దామె కాస్త జరిగి తన పుస్తకం నాకూ కనపడేలా పట్టుకుంది.

"మాస్టారికి నువ్వేటవుతావమ్మా?" అని మెల్లగా అడిగింది.

"కలిసి పనిచేసేవాళ్లం" అన్నాను.