తట్టి కొన్న సర్వర్ డబ్బా

తొంభైల్లో ఆత్మకూరులో కంప్యూటర్ సెంటర్ పెట్టి, అందులో నాకు పాఠాలు చెప్పే ఉద్యోగమిచ్చిన సారు దేన్నైనా వేలి కణుపులతో తట్టి చూసేవారు. సర్వర్ సామాను బిగించడానికి కేబినెట్ డబ్బా కొందామని నెల్లూరు పోతే, కొట్లో ఉన్నవన్నీ పుచ్చకాయల్లా తట్టి, నా నడుమెత్తు ఫుల్ టవర్ డబ్బా దగ్గర ఆగారు.

"బీరువా మాదిరి ఉండాది. ఇదే!"

"లోపలికి గాలి ఎట్ట ఆడతాదో చూడండి సార్."

"మన రూములో ఫ్యాను ఉండాది గదా! లోపల ఎవురు చూడొచ్చినారయ్యా?"

నిజమే, ఎవరూ చూడలేదు. లోపలి సామాను ఆయన కొననే లేదు. ఆ ఖాళీ డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టి అద్దాల గదిలో నిలబెడితే, ఉదయగిరి నుంచి కూడా తండ్రులు వచ్చి, దాన్ని చూసి పిల్లల్ని చేర్పించారు. చెప్పులు బయట విడవమని వాళ్లకు చెప్పింది నేనే. అది ఖాళీదని తెలిసిన నేను కూడా, ఒక్కరోజైనా చెప్పులతో ఆ గదిలోకి పోలేదు.