చల్లటి ఇంజిన్ మాట వినే లింబన్న

నిన్న పొద్దున ఆఫీసులో ఉండగా ఫోన్. షార్జా ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీలో డెంటింగ్ పని చేసే రాజేశం.

"అన్నా, లింబన్న పోయిండు. షటర్ తీస్తలేడని ఎనకకు పోయి చూస్తె, నిద్రల్నే..."

ఏ లింబన్న అని అడిగాను.

నాకు తెలిసిన లింబన్న ఒక్కడే. అయినా అడిగాను.

మన ఫేస్‌బుక్ గ్రూపులో చాలామంది కార్లు ఆయన చేతి కింద నుంచి వచ్చినవే. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. జగిత్యాల దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లు దుబాయ్‌లోనే, అంటే షార్జాలోనే. గ్యారేజీ వెనక చిన్న రూమ్, ఒక్కడే. ఇంజిన్ మెకానిక్. మాట కటువు, చెయ్యి మాత్రం బంగారం.

కరోనా తగ్గిన ఏడాది నేనొక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. పొద్దున స్టార్ట్ చేస్తే టిక్ టిక్ అని ఒక శబ్దం. పది నిమిషాల్లో ఆగిపోయేది.

ఆగిపోయింది కదా, ఇంకేం ప్రాబ్లం అనుకునే తెలివి నాది.

ఎవరో చెప్తే లింబన్న దగ్గరికి తీసుకెళ్లా. దుబాయ్ డేరా నుంచి ట్రాఫిక్‌లో గంటన్నర నడిపిన బండి. శబ్దం లేదు. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు.

"బండి ఈడ్నే ఉంచి పో సార్. పొద్దుగాల సల్లగున్నప్పుడు ఇంజన్ దానంతటదే చెప్తది."

నాకు అనుమానం. ఇలా ఉంచమని లేని రిపేర్లు తగిలించే గ్యారేజీలు మనం చూడనివా? సణుక్కుంటూ టాక్సీలో పోయాను.

మర్నాడు వెళ్లేసరికి నా కోసమే కాచుకుని ఉన్నాడు. నేను వచ్చాకే స్టార్ట్ చేశాడు. టిక్ టిక్ టిక్. టార్చ్ వేసి చూపించాడు. పొగని బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఇంజిన్‌కి అతుక్కునే చోట నల్లటి మసి.

"ఈ అతుకు నడుమ ఉండే రేకు, గాస్కెట్ పోయింది. వేడెక్కితె ఇనుము ఉబ్బి సందు మూస్కుంటది. సప్పుడు ఆగుతది గని లీకు మొత్తం ఆగదు."

ఆ తర్వాత బండి గురించి కాదు, నా గురించి అడిగాడు.

"తల నొస్తదా?"

నొస్తుంది. ఎండకి అనుకున్నా.

"పగటీలి యాడ పంటవు?"

సేల్స్ ఉద్యోగం. మధ్యాహ్నం రెండు మీటింగుల మధ్య ఎక్కడ పడుకుంటాం మనం? ఏదో బిల్డింగ్ నీడలో కారు ఆపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఏసీ పెట్టుకుని, సీటు వెనక్కి వాల్చి. మనలో సగం మంది చేసే పనే.

లింబన్న తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఆ పొగల విషగాలి లోపలికొస్తె వాసన గుడ ఎరుకగాదు. పండుకున్నోడు పండుకున్నట్టే ఉంటడు. గాస్కెట్ ఏసేదాంక తాళం ఇయ్య."

నాకు మీటింగ్ ఉంది, అరిచాను. విననట్టే ఉన్నాడు. తన పికప్‌లో నన్ను మీటింగ్ దగ్గర దింపి వచ్చి, పని మొదలుపెట్టాడు.

పాత గాస్కెట్‌కి సీలెంట్ పూసి మళ్లీ బిగించొచ్చు కదా అని సాయంత్రం అడిగితే, నా వైపు జాలిగా చూశాడు. ఒకసారి నొక్కుకుపోయింది మళ్లీ పనికిరాదట. మానిఫోల్డ్ ఏ పని కోసం ఊడదీసినా కొత్తది వేయాల్సిందేనట.

ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి అన్నాను, చదువుకున్నవాడిలా.

"కిలోమీటర్ల లెక్క లేదు సార్. సల్ల ఇంజన్ టిక్కుమన్నా, క్యాబిన్ల పొగ వాసనొచ్చినా మార్చాలె. సిగ్నల్ కాడ బండి వణికితె అటుదిక్కు, ఇన్‌టేక్ గాస్కెట్ చూడాలె. చెవి పెట్టి ఇంటె చాలు."

వారంలో నా తలనొప్పి పోయింది. నేనీ పోస్ట్ రాయగలుగుతున్నానంటే ఆ మొండితనం వల్లే. ఇది ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత చాలా శుక్రవారాలు వెళ్లాను. బండి వంకతో. అక్కడే తినేవాణ్ణి. మాది కాకినాడ, ఆయన పప్పు నాకు పులుపెక్కువ. అయినా రెండోసారి వడ్డించుకునేవాణ్ణి. ఎదురుగా కూర్చుని మనిషి తింటుంటే ఆయన ముఖం చూడాలి.

పోయినేడు నాకు కంపెనీ కారు ఇచ్చారు. సర్వీస్ వాళ్లే చూసుకుంటారు. నాకిక గ్యారేజీతో పని లేదు.

పని లేదని మానేశాను. అంతే. వేరే కారణం ఏమీ లేదు.

ఆయన ఫోన్ చేస్తే "వస్తా అన్నా, ఈ వారం బిజీ" అనేవాణ్ణి. ఎనిమిది నెలలు బిజీగా ఉన్నాను. శుక్రవారం ట్రాఫిక్ ఉండదు, మా మధ్య దూరం నలభై నిమిషాలు.

నిన్న పేపర్ల కోసం గ్యారేజీకి వెళ్లాను. వీసా ఇచ్చిన కఫీల్ మనిషి తిరుగుతున్నాడు, బాడీని రెండు మూడు రోజుల్లో ఊరికి పంపిస్తామన్నాడు. రాజేశం ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. లింబన్న భార్య. ఎప్పుడూ మాట్లాడలేదు నేను. ఆమెకి మాత్రం నా పేరు తెలుసు.

"తమ్మీ, శుక్రారం శుక్రారం నువ్వస్తవని చెప్పేటోడు. ఇద్దరం గూసుండి తిన్నమని చెప్పేటోడు. ఆడ ఆయన ఒక్కడే గాదు, నువ్వున్నవని మాకు ధైర్నముండె."

ఆమే మళ్లీ అడిగింది.

"మొన్న శుక్రారం గుడ వచ్చినవట గద. యాడన్న నొస్తున్నదని ఏమన్న చెప్పిండా నీకు?"

ఎనిమిది నెలలు. ప్రతి శుక్రవారం ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, ఇంటికి ఫోన్ చేసి నేను వచ్చానని చెప్పాడు.

"లేదు వదినా. మంచిగానే ఉన్నాడు. ఇద్దరం కలిసే తిన్నాం" అన్నాను.

ఆమె ఏడుపు కాస్త నెమ్మదించింది.

వదినకి ఫేస్‌బుక్ లేదు. ఉన్నవాళ్లు ఎవరూ ఈ మాట ఆమెదాకా తీసుకెళ్లకండి. దండం పెడతాను.

పోయి రా లింబన్నా. నువ్వు వెళ్లిన చోట నీ పక్కన ఎవరో ఒకరు ఉండాలి. నీకు శాంతి దొరకాలి.